నక్కలగట్టు ఎక్కి వచ్చాం

నక్కలగట్టు అన్న మాట వినగానే మా లంకలో అందరూ ఏదో కాలవగట్టు అనుకున్నారు. కొల్లేటి మనిషికి గట్టు అంటే నీటి పక్కన ఎత్తుగా పోసిన మట్టి. దాని మీద నాలుగు తాడిచెట్లుంటాయి, ఒక పక్క కాలవ పారుతుంది, రెండో పక్క వరి ఉంటుంది. మెట్టసీమలో గట్టు అంటే కొండ అని మాకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన ఆఫీసరుకి ఆ సంగతి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఈ ప్రయాణం గురించి రాయమని అడిగిన నా తోటి గుమాస్తాలు, చిన్నతిరుపతి దారిలో చూసిన వింతలూ విశేషాలూ రాస్తాననుకున్నారు. అవీ రాస్తాను. కాని కోపం పక్కన పెట్టి రాయడం నా వల్ల కాదు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో గుమాస్తాని. పుట్టింది మాత్రం కొల్లేటి నడుమ ఒక చిన్న లంకలో. మా అక్క సూరమ్మ, బావ, వాళ్ళ పిల్లలు ఇంకా అక్కడే చేపలు పట్టుకుని బతుకుతున్నారు. మొన్నటి వరదకి ఆ లంక మునిగింది. తాటాకు ఇళ్ళు ఒకటీ నిలవలేదు. జనం దోనెల్లో ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, ఒక్క మంగమ్మత్త తప్ప. ఆవిడ మా లంక పెద్ద గంటయ్య మావ భార్య. ఎక్కిన దోనె బోర్లా పడింది. నీళ్ళు తీశాక కిక్కిస గడ్డిలో ఆవిడ దొరికింది.

ఆ తరవాత ఏలూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఆయన పేరూ ఆఫీసు పేరూ ఇక్కడ రాయను. మీ కష్టం చూడలేకపోతున్నాం, మిమ్మల్నందరినీ ఎత్తయిన చోటికి మారుస్తాం, నక్కలగట్టు మీద ఇళ్ళస్థలాలూ సాగుభూమీ ఇస్తాం, వెయ్యేళ్ళకి కూడా అక్కడికి వరద రాదు అని చెప్పాడు. ఆ ఆఖరి ముక్క మాత్రం నిజమే. అందరికంటే ముందు సరేనన్నవాడు గంటయ్య మావ. ఆయన అన్నాక మిగతా మగాళ్ళూ తలలూపారు.

మా అక్క ఒక్కతే, “చూడకుండా ఎలాగండీ?” అందట.

“ఇస్తామన్న చోటు చూసేదేముందమ్మా” అన్నాడట ఆఫీసరు.

అక్క చేపల బుట్టలవాళ్ళతో నాకు కబురు పంపింది. నేను మిల్లులో సెలవు పెట్టి వచ్చాను. బావకి జ్వరం. చివరికి ముగ్గురం బయల్దేరాం: అక్క, నేను, గంటయ్య మావ. మావ రానన్నాడు. “సరేనన్నది మీరు, మీరు చూడకపోతే ఎలా మావా” అని అక్క అంటే లేచి కండువా వేసుకున్నాడు.

ఒడ్డు దాకా

కార్తీకం వెళ్ళిన కొత్తల్లో కొల్లేరు చూడవలసిందే. వరద నీరు తేరుకుని అడుగు కనిపిస్తుంది. గూడకొంగలు గుంపులుగా దిగుతాయి. చూడడానికి గూడెం నుంచి, ఏలూరు నుంచి షోకుగా వచ్చేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆ పొద్దున ఏ అందమూ కంటికి ఆనలేదు.

గంటయ్య మావ తాటిదోనె నడుమ కూర్చుని రెండు అంచులూ రెండు చేతులతో పట్టుకున్నాడు. మా చిన్నప్పుడు ఆయన దోనె మీద నిలబడి గెడ వేస్తుంటే, ఎలా పడడో చూద్దామని మేము పందేలు వేసుకునేవాళ్ళం. వరద తరవాత ఆయన గెడ ముట్టుకోలేదు. ఆ రోజు మా అక్కే గెడ వేసింది. దోనె కాస్త ఒరిగినప్పుడల్లా ఆయన వేళ్ళు తెల్లబడేవి. అక్క చూసింది, చూడనట్టే ఉంది. నేను మాట్లాడబోతే కళ్ళతోనే వద్దంది.

గుండుగొలను

ఒడ్డు నుంచి గుండుగొలనుకి నడిచి, బస్సు కోసం కూర్చున్నాం. అక్కడ కాకా హోటలులో ఇడ్లీలు బాగుంటాయి, అణా పెడితే ఆకలి తీరుతుంది. చట్నీలో అల్లం ఎక్కువ.

మా దగ్గర ఒక బుట్టెడు ఎండుచేపలున్నాయి. వెళ్ళేచోట ఎవరింట్లోనైనా దిగవలసివస్తే ఉత్తి చేతులతో ఎలా వెళ్తామని అక్క తెచ్చింది. బస్సులో ఒకాయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు పెట్టుకున్నారు.

“ఏవండీ, ఆ బుట్ట లోపల పెట్టకూడదండీ. పైకి ఎక్కించండి” అన్నాడు కండక్టరు.

“టిక్కెట్టు తీసుకున్నాం కదండీ” అన్నాను.

“టిక్కెట్టు మీకండీ, బుట్టకి కాదు.”

మా వైపు మనుషులకి కోపమొచ్చినా అండీ మాత్రం పోదు. తిట్టుకునేటప్పుడు కూడా ఏవండీ అనే మొదలుపెడతాం. ఆ మర్యాదతోనే బుట్ట బస్సు మీదికెక్కింది, మర్యాదతోనే దాని మీద ఎవరిదో సున్నం బస్తా పడింది. దిగేసరికి సగం చేపలు పొడి అయ్యాయి. జేబురుమాలు ఆయన్ని నేను ఎరుగుదును. సంతరోజున చేపలు బేరం చెయ్యకుండా ఇంటికి వెళ్ళే మనిషి కాడు. ఆ మాట ఆయనతో అనకుండా దిగినందుకు ఇప్పటికీ నా మీద నాకే మంటగా ఉంది.

చిన్నతిరుపతి

బస్సు భీమడోలు దాటి ఉత్తరానికి తిరిగాక భూమి రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్ర గరప వస్తుంది. వరి పోయి జొన్న, కంది, మామిడితోటలు వస్తాయి. అక్క కిటికీలోంచి చూస్తూ, “కాలవలేవిరా?” అని అడుగుతూనే ఉంది. అవతల ఉంటాయేమోలే అని నేను అంటూనే ఉన్నాను.

సాయంత్రానికి చిన్నతిరుపతి చేరి సత్రంలో దిగాం. యాత్రికులు చాలామంది ఉన్నారు, గుండు చేయించుకున్నవాళ్ళు, పెళ్ళిబట్టల్లో ఉన్నవాళ్ళు. సత్రంలో వడ్డించినాయన మమ్మల్ని ఎక్కడికని అడిగాడు. చెప్పాను.

“నక్కలగట్టా? అక్కడికెందుకండీ? మేకలు తప్ప ఏం లేవు అక్కడ.”

“కాలవ లేదాండీ?” అంది అక్క.

“కాలవ ఏంటమ్మా?”

“గట్టు అన్నారు కదండీ. గట్టంటే కాలవ ఉండాలి కదా.”

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, తెలియక అడిగిన మనిషిని చూసి నవ్వే నవ్వు. “మా వైపు గట్టంటే కొండమ్మా. ఈ ప్రాంతంలో కాలవ ఎక్కడిది?”

అక్క విస్తరి ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది, తినలేదు. ఆ రాత్రి మావ మాత్రం నిద్రపోయాడు. వరద తరవాత మావ అలా నిద్రపోవడం చూడలేదని అక్క పొద్దున నాతో అంది.

మెట్ట దారి

మర్నాడు పొద్దున్నే నడక మొదలుపెట్టాం. కొల్లేటి కాళ్ళు ఎప్పుడూ తడిలో నానేవి, మడమలు మెత్తగా ఉంటాయి. ఆ గరప రాళ్ళ మీద కాసేపటికే అక్క అరికాళ్ళు చీరుకున్నాయి. పరికి ముళ్ళు వేరే. నేను చెప్పులిస్తానంటే వద్దంది. దారి పక్క సీతాఫలం చెట్లు విరగకాసి ఉన్నాయి, అడిగేవాడు లేడు. ఏలూరు బజారులో అణాకి నాలుగిస్తారు, అవి కూడా పచ్చివి. ఇక్కడ కోతులు తిన్నవి తిని, మిగిలినవి నేల రాలుస్తున్నాయి. మేమూ కడుపునిండా తిన్నాం. ఆ ప్రయాణంలో నాకు సంతోషం కలిగిన చోటు అదొక్కటే.

మా లంకలో ఎక్కడ నిలబడినా ఏదో ఒక నీటి చప్పుడు వినిపిస్తుంది. చేప ఎగురుతుంది, గెడ తగులుతుంది, ఎవరో బట్టలు జాడిస్తుంటారు. అక్కడ గాలి ఒకటే. మనిషి గొంతు కూడా దూరం నుంచి పొడిగా వినిపిస్తుంది.

చుక్కమ్మ బిందె

కొండ మొదట్లో ఒక పల్లె ఉంది. తాటాకు ఇళ్ళే, కాని మా ఇళ్ళలా దిబ్బల మీద కాదు, చుట్టూ ముళ్ళకంప కట్టుకుని ఉంటాయి. ప్రతి ఇంటి ముందూ మేకల దొడ్డి. మొదటి ఇంట్లో ఒక నడివయసు మనిషి రోట్లో జొన్నలు దంచుతోంది. ఆమె పేరు చుక్కమ్మ అని తరవాత తెలిసింది.

“అమ్మా, కాసిని నీళ్ళిప్పిస్తారా?” అని అడిగింది అక్క.

ఆమె మాటాడకుండా లోపలికి వెళ్ళి చిన్న బిందె తెచ్చి అరుగు మీద పెట్టింది. మాకు ఎవరింటికి వెళ్ళినా ముందు కాళ్ళు కడుక్కోవడం అలవాటు. పైగా అక్క కాళ్ళు నెత్తురోడుతున్నాయి. బిందె ఎత్తి కాళ్ళ మీద ఒంపుకుంది. సగం పైన అయిపోయింది.

చుక్కమ్మ వచ్చి బిందె లాక్కుంది.

“ఏం మనుషులు మీరు? తాగే నీళ్ళు కాళ్ళ మీద పోస్తారా? ఆ నూతిలోకి చేద వేసి చూడండి, చేతులు పడిపోతాయి. ఇది మా ఇంటిల్లిపాదికీ పూటకి సరిపోవాల.”

అక్క బిత్తరపోయింది. మా అక్క ఎవరితోనూ మాట పడే మనిషి కాదు. అలాంటిది చేతులు కట్టుకుని, “తెలీక చేశానమ్మా. మేం కొల్లేటోళ్ళం” అంది.

కొల్లేరు అన్న మాట వినగానే చుక్కమ్మ ముఖం ఇంకా ముడుచుకుంది.

“అయితే గట్టు మీద రాళ్ళకి సున్నం బొట్లు పెట్టింది మీ కోసమేనా?”

“ఏం బొట్లండీ?” అన్నాను.

“జీపులో వచ్చారు. మా మేకల్ని అదిలించారు. రాళ్ళకి సున్నం పూసి వెళ్ళారు. ఏంటని అడిగితే కొల్లేటి నుంచి జనం వత్తారు, ఇక్కడ మేపుకోకూడదన్నారు. ఆ గడ్డితోనే ఇళ్ళు నేసుకుంటాం మేము. ఆ కొండ మీదే మా మేకలు బతుకుతాయి. మీకు అంత నీరుండగా మా కొండ కావాల్సొచ్చిందా?”

నాకు అప్పటిదాకా ఉన్న కోపం ఒక రకం. మమ్మల్ని మోసం చేశారన్న కోపం. ఆ మాటతో అది ఇంకో రకం అయింది. మమ్మల్ని మోసం చెయ్యడమే కాదు, ఎన్నడూ మా ముఖం చూడని ఈ మనిషికి మమ్మల్ని శత్రువుల్ని చేసి పెట్టాడు ఆ ఆఫీసరు. మేము వచ్చి ఈమె మేకల్ని తోలాలి, ఈమె మా బిందెలు బద్దలు కొట్టాలి. ఆయన ఏలూరులో ఫ్యాను కింద కూర్చుంటాడు.

“మేం అడగలేదమ్మా. మాకు ఇక్కడ ఎవరూ ఉన్నారని చెప్పలేదు” అంది అక్క. వరద సంగతి చెప్పింది. మంగమ్మత్త సంగతి చెప్పబోయి, మావ వైపు చూసి ఆగిపోయింది.

“నా భార్య పోయిందమ్మా నీళ్ళలో” అన్నాడు గంటయ్య మావే. మేము బయల్దేరాక ఆయన తనంత తానుగా మాటాడడం అదే మొదలు.

చుక్కమ్మ లోపలికి వెళ్ళి బిందెలో మిగిలిన నీళ్ళు ముంతలోకి వంచి ఆయన చేతికిచ్చింది. “తాగు పెద్దాయనా. చూసి పొండి మీ గట్టు. నేనూ వత్తాను, మేకల్ని తోలుకెళ్ళాలి” అంది.

గట్టు మీద

పెద్ద కొండేం కాదు. మన్యం కొండలు చూసినవాళ్ళు దీన్ని చూసి నవ్వుతారు. ఏనుగు పడుకున్నట్టు, బోడిగా, చెట్లు లేకుండా ఉంటుంది. మోకాలెత్తు బోద గడ్డి, మధ్యమధ్య తంగేడు పొదలు, ఎక్కడ చూసినా రాళ్ళు. గాలి మాత్రం అదేపనిగా కొడుతుంది, గడ్డి అంతా ఒకే వైపుకి పడుకుని ఉంటుంది. ముందు మేకలు, వాటి వెనక చుక్కమ్మ, ఆమె వెనక మేము. మేము ముగ్గురమూ పుట్టి బుద్ధెరిగి కొండ ఎక్కింది లేదు. నేల ఇలా పైకి లేచి ఉండడం మా మోకాళ్ళకి అర్థం కాలేదు. మూడు చోట్ల ఆగాం. నేను ఒకచోట జారి కూలబడితే పంచె చిరిగింది. చుక్కమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చూసి అక్క కూడా నవ్వింది. ఆ ఇద్దరూ దగ్గరయ్యింది అక్కడే.

సున్నం బొట్లు పెట్టిన రాళ్ళు దారి పొడవునా ఉన్నాయి. సగం కొండ దాకానే. ఆ పైన ఒక్కటీ లేదు.

అక్క ఒక పుల్ల తీసుకుని నేల గుచ్చింది. వేలెడు లోతున రాయి తగిలింది. ఇంకోచోట గుచ్చింది, రాయే. సాగుభూమి అన్నది ఇదే. “ఇక్కడ ఏం పండిస్తారమ్మా మీరు?” అని చుక్కమ్మని అడిగింది.

“ఇక్కడ ఏవీ పండవు. గడ్డి వత్తది. అది మేక తింటది. మేకని మేం అమ్ముకుంటాం. అంతే.”

శిఖరం దగ్గర ఒక చదునైన బండ ఉంది. దాని మీద కూర్చుని తిండి తిన్నాం. చుక్కమ్మ జొన్నసంకటి తెచ్చుకుంది, చింతకాయ పచ్చడితో. మేము బస్సులో నలిగిన ఎండుచేప పొడి ఇచ్చాం. సంకటి మాకు మింగుడుపడలేదు, నీళ్ళు కావాలనిపిస్తుంది. ఆమెకి మా చేప మొదట వాసన వేసింది, తరవాత మళ్ళీ పెట్టించుకుంది. మెట్టలో ముద్ద నమలకుండా మింగాలట. మా వైపు చేప ముల్లు చూసుకుని నెమ్మదిగా తినకపోతే గొంతులో పడుతుంది. ఈ తేడా మీద ఆడవాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

“అదుగో, మీ ఊరు” అంది చుక్కమ్మ దక్షిణం వైపు చెయ్యి చూపించి.

ఎక్కడో, తాళ్ళూ మామిళ్ళూ పొలాలూ అన్నీ అయిపోయిన చోట, సన్నటి తెల్లటి గీత మెరుస్తోంది. కొల్లేరు. చుక్కమ్మ చిన్నప్పుడు దాన్ని సముద్రం అనుకునేదట. అక్క లేచి నిలబడింది. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అలా చూస్తూనే ఉంది. పుట్టిన చోటుని మొత్తంగా ఒక్క చూపులో చూడడం నాకు అదే మొదటిసారి.

“మావా, ఇటు చూడండి” అని పిలిచాను.

ఆయన ఉత్తరం వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపు కొల్లేటి వైపుంది.

“నేను ఇటే కూచుంటానబ్బాయ్” అన్నాడు. కాస్త ఆగి, “ఇక్కడికి రాదు కదా” అన్నాడు.

“ఏదండీ?” అన్నాను.

అక్క నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన అందరికంటే ముందు ఎందుకు సరేనన్నాడో. సాగు కోసం కాదు, స్థలం కోసం కాదు. కొండ అని తెలిసినా, రాయి అని తెలిసినా ఆయన సరే అనేవాడు. అటువంటి మనిషి చేత అందరి తరఫునా సరే అనిపించుకుని పోయారు. ఆఫీసరు మీద అప్పటిదాకా ఉన్న కోపం నాకు అక్కడ పది రెట్లయింది.

భీమడోలు

మూడోరోజు వెనక్కి వస్తుంటే ఆ ఆఫీసరు భీమడోలు బంగళాలో మకాం ఉన్నాడని తెలిసింది. వెళ్ళాం. వరండాలో కాఫీ తాగుతున్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు, మర్యాదస్తుడే.

“చూసొచ్చారా? గాలి బాగుంటుంది కదా అక్కడ” అన్నాడు.

“చూశామండీ. మీరు ఎక్కారాండీ?” అని అడిగింది అక్క.

“జీపు వెళ్ళేదాకా వెళ్ళాను.”

సున్నం బొట్లు సగంలో ఎందుకు ఆగాయో అప్పుడు తెలిసింది.

“అక్కడ నేల లేదండీ, రాయి ఉంది. నీళ్ళు లేవండీ. ఆ కొండ మీద బతికే వాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకీ చెప్పలేదు, మాకూ చెప్పలేదు.”

“మొదట్లో ఇబ్బందిగానే ఉంటుందమ్మా. అలవాటవుతుంది. మీరు ఖాళీ చేస్తే ఆ లంక చుట్టూ గట్టు వేసి వరి పండించవచ్చు. దేశానికి తిండి కావాలి, నువ్వు అర్థం చేసుకోవాలి.”

“మేం పట్టేది ఏవిటండీ మరి? తిండి కాదాండీ?”

ఆయన కాఫీ కప్పు కింద పెట్టి, నా వైపు తిరిగి, “చదువుకున్నవాడిలా ఉన్నావు, మీ అక్కకి నువ్వు చెప్పవయ్యా” అన్నాడు.

నేను చెప్పవలసినవి చాలా ఉన్నాయి, అక్కకి కాదు. నోరు తెరిచాను. మూడురోజులుగా మనసులో తయారుచేసుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, గట్టిగా ఒక అరుపు మాత్రం వచ్చింది. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. బంట్రోతు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అక్క లేచి ఆఫీసరుకి నమస్కారం పెట్టింది. “వస్తామండీ. మా వాళ్ళెవరూ రారండీ” అని, నన్ను తీసుకుని మెట్లు దిగింది.

మళ్ళీ లంకలో

లంకలో అందరూ గుమిగూడారు. ఏం చూశారో చెప్పమన్నారు. నేను మొదలుపెట్టబోతే గంటయ్య మావ చెయ్యి ఎత్తాడు.

“అది కొండ. అంతా రాయే. చుక్క నీరు లేదు. అక్కడివాళ్ళ నోటికాడ కూడు లాక్కోవాల మనం. ఎవరూ వెళ్ళకండి” అన్నాడు. “సరేనన్నది నేనే. ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. కాని నేను మాత్రం వెళ్తాను. నేనిక్కడ పడుకోలేకపోతున్నాను.”

బావ ఏదో అనబోయాడు. అక్క ఆపింది.

మావ బట్టల మూట ఒకటి తీసుకుని వెళ్ళిపోయాడు. చుక్కమ్మ మేకల దొడ్డి పక్కనే పాక వేసుకోవడానికి చోటు చూపించిందట. వలలు అల్లిన చేతులు కదా, నారతో ఉట్లు అల్లి పల్లెలో అందరికీ ఇస్తున్నాడట. రాత్రిళ్ళు నిద్రపడుతోందట. ఇవన్నీ చిన్నతిరుపతి వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పారు.

ఆ తరవాత జరిగింది వినండి. వరద బాధితులకని వారానికోసారి పడవలో వచ్చే బియ్యం ఆగిపోయాయి. ఒక వారం చూశారు, రెండు వారాలు చూశారు. అడగడానికి వెళ్ళినవాళ్ళకి ఏలూరులో చెప్పిన సమాధానం, ఆ లంక నక్కలగట్టుకి మారిపోయింది, పెద్దమనిషి ముందు వెళ్ళాడు, మిగతావాళ్ళు వెళ్ళినట్టే, ఖాళీ లంకకి బియ్యం ఎవరికిస్తాం అని. ఇల్లు కూలినవాళ్ళకి, వలలు కొట్టుకుపోయినవాళ్ళకి ఈ మాట చెప్పారు. ఒక ముసలాయన దుఃఖాన్ని పట్టుకుని ఊరినే లేదనేశారు. నాకు ఈ కబురు మిల్లులో తెలిసింది. చేతిలో కలం విసిరేశాను.

లంకలో కొందరు మావని తిట్టడం మొదలుపెట్టారు. అక్క ఊరుకోలేదు. “ఆయన్ని ఒక్క మాట అన్నారంటే నా గుమ్మం తొక్కకండి” అని చెప్పి, వేరే పని మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగింది. చంటిపిల్లల తల్లులతో సహా అందరినీ కూడగట్టుకుని ఏలూరు బయల్దేరింది.

ఏలూరు

నేను గూడెం నుంచి రైల్లో వెళ్ళి స్టేషనులో వాళ్ళని కలిశాను. ఆ ఆఫీసు వరండా, మెట్లు, ఆవరణ మా వాళ్ళతో నిండిపోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. కూర్చున్నారు, అంతే. ఫైళ్ళు పట్టుకుని తిరిగే గుమాస్తాలు కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయారు. ఆఫీసరు బయటికి వచ్చాడు.

“ఎవరు మీరంతా?” అన్నాడు.

మా అక్క లేచి నిలబడి చేతులు జోడించింది.

“నక్కలగట్టుకి వెళ్ళిపోయినవాళ్ళమండీ” అంది.

ఆయన మా వాళ్ళందరినీ ఓసారి కలయజూసి, “మీ పెద్ద వెళ్ళాడు కదా” అన్నాడు.

అప్పుడు గేటు దగ్గర నుంచి గంటయ్య మావ వచ్చాడు. ఆయనకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. కొండ కింది పల్లె నుంచి చాలా దూరం నడిచి, కాళ్ళనిండా ఎర్రదుమ్ముతో వచ్చాడు. మా వాళ్ళు లేచి దారి ఇచ్చారు.

“నేనొక్కణ్ణే వెళ్ళానండీ. నీళ్ళు చూడలేక వెళ్ళాను. ఊరు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇదుగోనండీ ఊరు” అని చుట్టూ చూపించాడు.

ఆ మరుసటి వారం బియ్యం పడవ వచ్చింది. నక్కలగట్టు మీద సున్నం బొట్లు వానకి కరిగిపోయేదాకా మళ్ళీ ఎవరూ అటు రాలేదని చుక్కమ్మ కబురు పంపింది. లంక చుట్టూ గట్టు వేసే ఆలోచన మాత్రం వాళ్ళు మానుకున్నట్టు లేదు. వేరే లంకలవాళ్ళకి ఇప్పుడు వేరే గట్ల పేర్లు చెబుతున్నారని వింటున్నాను. ఇది చదివేవాళ్ళలో ఆ లంకలవాళ్ళెవరైనా ఉంటే, ముందు వెళ్ళి ఎక్కి చూడండి. జీపు ఆగేదాకా కాదు, పైదాకా.

ఆఫీసు ముందు కూర్చున్న ఆ రోజు సాయంత్రం అక్కా నేనూ కలిసి మావని ఏలూరు బస్టాండులో చిన్నతిరుపతి బస్సెక్కించాం. అక్క ఆయన ఒళ్ళో అరటిపళ్ళు పెట్టింది, చుక్కమ్మకి ఇమ్మని ఇంకో మూట ఇచ్చింది. జాగ్రత్త మావా అంది. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి మమ్మల్నే చూస్తూ వెళ్ళాడు.

బస్సు మలుపు తిరిగాక నేను ఉండబట్టలేక అక్క మీద కోప్పడ్డాను. “ఊరంతా కలిసొచ్చాం. ఆయనా వచ్చాడు. ఇంటికి రమ్మని ఒక్క మాట అడగలేదేం?”

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

“అడిగితే వచ్చేస్తాడురా” అంది. “అందుకే అడగలేదు.”